మా కింది వాటా గోల్‌కీపర్

మోరిస్‌విల్‌లో మా అబ్బాయి ఇంటి గరాజ్ సర్దుతుంటే పోయిన శనివారం పాత మ్యాచి వీడియో టేపొకటి బయటపడి, నలభై ఏళ్ళుగా నేను కొడుతున్న గొప్పల గాలి తీసేసింది. ఐస్ హాకీ అంటే ఎనభైల నాటి ఆటగాళ్ళదే, ఇప్పటివాళ్ళకి సామగ్రి తప్ప ప్రతిభ ఎక్కడుందని, పిల్లల జట్టులో గోల్‌కీపర్‌గా ఆడే పన్నెండేళ్ళ మనవరాలితో కూడా వాదించేవాణ్ణి. అది టేపు చూసి, "తాతా, వీళ్ళు ఎంత స్లో! ఈ షాట్స్ నేనే ఆపేస్తా," అంది. నాకు ఒళ్ళు మండింది. తీరా కళ్ళజోడు సర్దుకుని చూద్దును గదా, నిజంగానే నెమ్మదిగా ఉన్నారు.

ఆ టేపులో గోల్ ముందు నిలబడ్డవాడు అప్పట్లో మినసోటాలో మేమున్న అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఉండేవాడు. ప్రొఫెషనల్ ఆటగాడే అయినా వేసవి వస్తే ఫర్నిచర్ గోదాములో సోఫాలు మోసేవాడు, మిగతా కాలమంతా చెమట ప్యాడ్లు తలుపు బయట ఆరేసి మెట్లన్నీ కంపు కొట్టించేవాడు. గోల్‌కీపర్ అన్నవాడు నిటారుగా నిలబడే ఆపాలని ఆ రోజుల్లో వాళ్ళ కోచ్ పట్టుదల. ఇతనేమో దబ్బున మోకాళ్ళ మీద పడి, కాళ్ళు రెండు పక్కలకీ చాపి, మంచు మీద దూసుకొచ్చే ఆ రబ్బరు బిళ్ళని ఆపాలని చూసేవాడు. జట్టులోంచి తీసేస్తామని హెచ్చరించినా మానలేదు. పల్చటి ప్యాడ్లతో పడీ పడీ మోకాళ్ళు బూరెల్లా పొంగిపోతే, చూడలేక మా ఆవిడ వేడివేడిగా పసుపు పట్టు వేసింది. అతను దాన్ని కడుక్కోకుండానే మ్యాచికి వెళ్ళడంతో జట్టు తెల్ల మేజోళ్ళు పచ్చబడి, ఎంత ఉతికినా మరక వదల్లేదట. మా ఆవిడ సిగ్గుతో వారం రోజులు అతనికి ఎదురుపడలేదు. అతను మాత్రం మళ్ళీ పట్టు వేయించుకోవడానికి తనే మెట్లెక్కి వచ్చాడు. రెండు శీతాకాలాలు తిరక్కుండానే అన్నంత పనీ చేసి అతణ్ణి తీసేశారు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇదంతా చెప్పి, అతను మోకాళ్ళ మీద పడే చోటు వెతికి చూపిస్తే, మనవరాలు టీవీకి దగ్గరగా జరిగింది. "తాతా, ఇది నాకు ఫస్ట్ డేనే నేర్పించారు!" అంది.

ఎవరు గొప్ప అని ఇప్పుడెవరైనా అడిగితే నేను వాదించను. ఇప్పటి పిల్లలకే ఎక్కువ వచ్చు, ఒప్పుకుంటాను. ఏ పని చేసి అతను జట్టులో చోటు పోగొట్టుకున్నాడో, ఆ పనే వీళ్ళకి తొలి పాఠమయింది. ఆ సంగతి అతనికి తెలుసో లేదో, తెలిస్తే బాగుండునని మాత్రం అనిపిస్తుంది. నిన్న ఐస్ రింక్‌లో మనవరాలు దబ్బున మోకాళ్ళ మీద పడి గోల్ ఆపి, మంచు దులుపుకుని లేచింది. ఇంటికొచ్చాక మా ఆవిడ పాత అలవాటు కొద్దీ దాని మోకాళ్ళు తడిమి చూసింది. ఎక్కడా వాపు లేదు.