మా ట్యాంకు నీడ

మా యారాలి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అంటాను. ఇద్దరి మేడల మీదా ఒకే మనిషి, ఒకే వారంలో సోలార్ ప్యానెళ్లు బిగించాడు. ఇద్దరికీ ఆరేసి. అయినా రోజూ పొద్దుగూకేసరికి ఆమె ఫోన్ పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేది.

"మాకియ్యాల పన్నెండు యూనిట్లొచ్చినయ్ చెల్లె. మీకెన్ని?"

మాకు ఎనిమిది దాటేవి కావు. "అటిటుగ గంతే అక్కా" అనేదాన్ని. కడుపు మండిపోయేది. మంచివి ఆమెకు పెట్టి మిగిలినవి నాకు అంటగట్టాడనుకున్నాను. ఆర్మూర్‌లో పసుపు పాలిష్ పట్టే రోజులవి. ఆ దుమ్ము పేరుకుందేమోనని తెల్లారకముందే బకెట్‌తో మేడెక్కి ప్యానెళ్లు తుడిచి, ఆ తర్వాత జక్రాన్‌పల్లి బస్సెక్కి నేను పాఠాలు చెప్పే బడికి పోయేదాన్ని. నీళ్లు పచ్చగా దిగేవి. యూనిట్లు మాత్రం పెరగలేదు.

చివరికి ఒక ఆదివారం, బిగించినతన్నే పిలిచాను. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం మేడెక్కాం. అతను నైరుతి మూలకు చెయ్యి చూపించాడు.

"మీ ట్యాంకు నీడనే మేడం. రెండిటి మీద పడ్తుంది. అన్ని ఒక్కటే లైన్ల కట్టినం గదా, గా రెండు కుంగితే మిగిలినయి గూడ కుంగుతయ్."

గతుక్కుమన్నాను. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా ఉండాలని అక్క తన ట్యాంకును మోకాలెత్తు దిమ్మె మీద పెట్టిస్తే, నేను నిలువెత్తు దిమ్మె కట్టించాను. వాస్తు కోసం కాదు. ఆమె వంటింటి కిటికీలోంచి మా ట్యాంకు కనబడాలని.

"దించుదామా?" అన్నాడతను.

"దించేది లేదు."

అయితే ప్రతి ప్యానెల్ కింద ఒక చిన్న డబ్బా బిగిస్తే దేని కరెంటు అది ఇస్తుందని, నీడలో ఉన్నవి మిగిలినవాటిని కిందికి లాగవని చెప్పాడు. పెట్టించాను. పది యూనిట్లకు వచ్చాం. నీడ పడే రెండూ అంతకన్నా ఇవ్వవట.

ఆ వారమే అక్క మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. "మీ లెక్కనే మేం గూడ ట్యాంకు లేపుదామనుకుంటున్నం చెల్లె. ఎట్లుంటది?"

నీడ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మస్తుంటది అక్కా. లేపుండ్రి."

ఇప్పుడు ఆమెకు ఎనిమిది, నాకు పది. మొన్న గోడ దగ్గర మెల్లగా అడిగింది, "నువ్వేం జేస్తున్నవ్ చెల్లె?"

"ఏం లేదక్కా. పొద్దుగాల్నే కడుగుతున్న."

మర్నాడు తెల్లారకముందే ఆమె బకెట్ పట్టుకుని మేడెక్కింది. మా మేడ మెట్ల మీద నిలబడి చూస్తూ చాయ్ తాగాను. నడుము పట్టుకుని వంగి, ఒక్కో ప్యానెల్ తుడుస్తోంది. పాపమనిపించింది, అబద్ధమెందుకు. చెప్పేద్దామనే మేడెక్కాను. అప్పటికి ఎండ పడింది. ఆమె ప్యానెళ్లు మావాటికన్నా ఎక్కువ మెరుస్తున్నాయి.

కిందికి దిగి నా బకెట్ తెచ్చుకున్నాను.