గీత లేని లెన్సు

మిల్లులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ మచ్చలయ్యే. మరమగ్గాల మీంచి దిగిన బట్టంతా చివరికి అతని బల్ల మీదికే వచ్చేది. ఏటవాలుగా పరిచిన గాజు, దాని కింద దీపాలు, పైన జారుతూ పోయే బట్ట. పోగు తెగినా, నూనె చుక్క పడినా, పేక ఒక్క వరస వదులైనా చేతిలో నీలం సుద్దముక్క కదిలేది. మచ్చ చుట్టూ సున్నా చుట్టేవాడు. సున్నా పడిన తానుకి నేసినవాళ్ళ కూలిలో కోత. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే పని. అందుకే మధ్యాహ్నం అన్నాల వేళ అతను వచ్చి ఏ బల్ల దగ్గర కూర్చుంటే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి.

"ఉతికితే పోతుంది బాబాయ్" అని కుర్ర నేతగాళ్ళు బతిమాలేవాళ్ళు. ఆరో మగ్గం ఆవిడ బతిమాలేది కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని "ఏదీ, మచ్చెక్కడుందో చూపించు" అనేది. చూపించేవాడు. ఉతికితే పోయే మచ్చని అతను ఇంతవరకూ చూడలేదు.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం లెక్క వేరు. మగ్గాలన్నీ ఆపి నూనె పోసే రోజున అందరూ ఆఫీసు మెట్ల మీద వరసలుగా నిలబడితే అతను ఫోటో తీసేవాడు. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. మిల్లు మొత్తానికి కెమెరా ఉన్నది అతనికే. మేనమామ వాడి వాడి ఇచ్చిన పాత రీలు కెమెరా. "నవ్వండి" అనేవాడు. ఏడాదంతా తిట్టుకున్న నోళ్ళన్నీ అతని వైపు తిరిగి నవ్వేవి. అలాంటి ఫోటోలు ఇరవై రెండు భోజనాల గది గోడకి వేలాడుతున్నాయి. అతను రోజూ వాటి కిందే కూర్చుని తినేవాడు.

మిల్లు మూసేస్తున్నామని కాగితం అంటించారు. శనివారం మధ్యాహ్నం గేటుకి తాళం. ఆఖరి ఫోటో ఒకటి తీస్తానని, ఒక్కొక్కరికీ ఒక కాపీ ఇస్తానని అతనే నోరు జారాడు. ఎవరూ అడగలేదు. కానీ చెప్పాక అందరూ పట్టుకున్నారు. ఆరో మగ్గం ఆవిడ కూడా "కొత్త చీర కట్టుకొస్తా, సున్నా చుట్టకు మరి" అంది. ఆవిడ తనతో వేళాకోళం ఆడటం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ దారంతా ఆ మాటే తలుచుకున్నాడు.

తీరా కెమెరా బయటికి తీస్తే లెన్సు లోపల బూజు. సాలెగూడులా గాజంతా అల్లుకుపోయింది. బాగుచేసేవాడు ఒకసారి చూసి, "దీన్ని కడగడం నావల్ల కాదు, వేరేది వెతుక్కో" అని చేతిలో పెట్టేశాడు.

శుక్రవారం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, పాత సామాన్ల బజారుకి వెళ్ళాడు. బయట వాన. కెమెరాల దుకాణం బీరువా అంత ఉంది. ఒకరు లోపలికి రావాలంటే ఒకరు బయటికి పోవాలి. దుకాణదారు కెమెరా అటూ ఇటూ తిప్పి, "ఈ కంపెనీ ఎత్తేసి చాలా కాలమైంది బాబాయ్. లెన్సులు దొరకడం కష్టం" అంటూనే మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది కొత్తదానిలా మెరుస్తోంది. దాని ధర విని అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన రెండూ ఇంచుమించు ఒకటే ధర, అతను పెట్టగలిగినదే.

రెండోది అదే కంపెనీది. దీపం కింద ఒక్కసారి తిప్పాడో లేదో కనిపెట్టేశాడు.

"గీతుంది."

"అబ్బో, కన్నంటే నీది! ఉంది. ఫోటోలో పడదు."

"ఉన్నది పడకుండా ఎక్కడికి పోతుంది?"

"నీ కళ్ళజోడు మీద లేవా గీతలు? నేను కనపడట్లేదా నీకు?"

మచ్చలయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మేవాడు ఇంతే చెబుతాడు. ఉతికితే పోతుందనే మాటకీ దీనికీ తేడా ఏముంది? మూడోది అందుకున్నాడు. ఇంకో కంపెనీది. గాజు మీద ఒక్క గీత లేదు, ఒక్క చుక్క లేదు. ఈ కెమెరాకి పట్టదు కాబట్టి మధ్యలో వేలిగోరంత మందం ఇత్తడి రింగు ఒకటి బిగించాలి.

"అది నీకొద్దు బాబాయ్" అన్నాడు దుకాణదారు. "ఆ రింగు పెడితే దగ్గరివే వస్తాయి. పూలూ పురుగులూ తీసేవాళ్ళు కొంటారు."

"మనుషులు పురుగుల కన్నా పెద్దవాళ్ళేగా."

దుకాణదారు నవ్వాడు. అతను బిగించి చూశాడు. బల్లకి అవతల దుకాణదారు మీసంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. అంత స్పష్టంగా ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. గీత ఉన్నది అంటగట్టాలని చూస్తున్నాడు, మనమా పడేది అనుకుంటూ మూడోదే కట్టించుకున్నాడు. ఇంటికి వచ్చి ఉన్న ఒక్క గదిలోనే మంచం పక్కన నిలబడి భార్య వైపు తిప్పాడు.

"ఏంటయ్యా, ఇన్నేళ్ళకి నా మొహం చూడాలనిపించిందా?"

"కదలకు. రెప్పల వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి."

"ఎవరికైనా ఉంటాయి రెప్పలు" అంది గానీ, కదల్లేదు.

శనివారం పదకొండున్నరకి నలభై మూడు మంది మెట్ల మీద నిలబడ్డారు. ఆరో మగ్గం ఆవిడ ముందు వరసలో, పచ్చ చీరలో. అతను కెమెరాని స్టాండుకి బిగించి కన్ను పెట్టాడు. పొగమంచు. లెన్సు చివరిదాకా తిప్పాడు. తిరగడం ఆగింది గానీ పొగమంచు పోలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. లెన్సు ఊడదీసి మళ్ళీ బిగించాడు. మెట్లూ, చీరలూ, మొహాలూ తడిసిన కాగితం మీద సిరాలా కలిసిపోయి ఉన్నాయి. కెమెరా ముందు చేయి పెట్టి చూశాడు. అరచేతి గీతలన్నీ కనపడ్డాయి. దుకాణదారు చెప్పిన పూలూ పురుగులూ అప్పుడు తలకెక్కాయి.

"ఏం మచ్చలయ్యా, మా మొహాల మీద మచ్చలు వెతుకుతున్నావా?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. మెట్లన్నీ ఘొల్లుమన్నాయి.

బజారుకి పోయి రావాలంటే మూడు గంటలు. కాపలావాడు తాళం చేత్తో పట్టుకుని అప్పుడే గేటు దగ్గర తిరుగుతున్నాడు. లెన్సులో వెలుతురు దూరే కంతని ఎంత చిన్నది చేయొచ్చో అంత చేశాడు. మసక కొంచెం పలచబడింది. కళ్ళూ ముక్కులూ మాత్రం విడిపడలేదు. ఇప్పుడు నోరు విప్పి చెప్పాలి. చెప్పేస్తే అయిపోయేది. నలభై మూడు మంది అతని కోసమే చూస్తున్నారు.

"నవ్వండి" అన్నాడు.

నవ్వారు. టైమరు నొక్కి, ఎప్పటిలా పరుగెత్తి, ఎడమ చివర గొంతుక్కూర్చున్నాడు. అలా నాలుగు తీశాడు. తర్వాత ఎవరి అన్నం డబ్బా వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. గోడ మీది ఇరవై రెండూ అలాగే ఉండిపోయాయి. గేటుకి తాళం పడింది.

సోమవారం బజారుకి వెళ్తే, గీత ఉన్న లెన్సు ఆదివారమే పోయిందని దుకాణదారు చెప్పాడు. "పెళ్ళిళ్ళు తీసేవాడు పట్టుకెళ్ళాడు. గీత ఊసే ఎత్తలేదు." ఉన్నా ఏం తీస్తాడు దానితో? సగం మంది అప్పటికే పనులు వెతుక్కుంటూ ఊళ్ళు దాటారు. ఫోటోలు కడిగేవాడు నాలుగింటిలో ఒకటే కడిగాడు. "మిగతావీ ఇంతే. ఊరికే డబ్బు దండగ" అన్నాడు.

పది రోజులు అతను గడప దాటలేదు. పదకొండో రోజు ఆరో మగ్గం ఆవిడే వచ్చింది.

"నా కాపీ ఏదీ?" అని గుమ్మంలోంచే అడిగింది.

భార్య అతని వైపు చూసింది. రీలు పాడైందని చెప్పడానికి వారం రోజులుగా మాటలు కూర్చుకుని పెట్టుకున్నాడు. అవన్నీ వదిలేసి ట్రంకుపెట్టె తెరిచి ఫోటో తెచ్చి చేతిలో పెట్టాడు. ఆవిడ వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసింది. దూరం పెట్టి చూసింది. మచ్చెక్కడుందో చూపించమంటుందని అతను కాచుకుని ఉన్నాడు.

"ఈ పచ్చగా ఉన్నది నేనేనా?"

"నువ్వే."

"మరి నువ్వెక్కడ?"

ఎడమ చివర ఒక బూడిదరంగు ముద్ద మీద వేలు పెట్టాడు.

"బాగానే ఉందిలే అన్నయ్యా" అంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ అతన్ని అన్నయ్యా అనడం అదే మొదలు. ఫోటో బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. కాపీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"మంచినీళ్ళైనా ఇవ్వలేదు" అంది భార్య.

అతను కెమెరా తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. రింగు ఊడదీశాడు. లెన్సుని పగటి వెలుగుకి పట్టి, బట్టని చూసినట్టే, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మెల్లగా తిప్పుతూ చూశాడు. గీత లేదు. చుక్క లేదు. రెండోసారి మొదలుపెట్టాడు.