బాత్‌టబ్‌లో చేపలు

పన్నెండేళ్లుగా ఒక వాసన మోస్తున్నాను. ఉప్పులో పులిసిన చేపల వాసన. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను కోతలరాయుణ్ణి. కాలిఫోర్నియాలో మా సన్నీవేల్‌లో, తలో వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్ విందుకి వెళ్లినా నలుగురు నా చుట్టూ చేరతారు. రాత్రుళ్లు చెత్తబుట్టలు వెతికే రకూన్ అనే జంతువొకటి నా కారు తాళాలు ఎత్తుకెళ్లి, మర్నాడు సిగ్గుపడి తెచ్చిచ్చిందని నమ్మించినవాణ్ణి. ఇప్పుడు నిజం చెబుతాను వినండంటే మీరెందుకు నమ్మాలి?

మా పక్క అపార్ట్‌మెంట్‌లో లీటా ఉండేది. ఫిలిప్పీన్స్ ఆవిడ, అరవై దాటిన మనిషి. కారు లేదు. రెండు వీధుల అవతలి వృద్ధాశ్రమంలో పనికి నడిచి వెళ్లేది. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. నా భార్య సరళకి తెలియకుండా నేను మాంసం తిన్నది లీటా బల్ల దగ్గరే. వెనిగర్, సోయాసాస్, వెల్లుల్లి, మిరియాలతో కోడిని ఉడికించి అడోబో చేసేది. వాళ్లమ్మ పద్ధతిలో చివర్న బగూంగ్ కలిపేది. చేపల్ని ఉప్పులో నెలల తరబడి పులియబెట్టిన ముద్ద అది. “అర చెంచా చాలు. పొయ్యి కట్టేశాక వేసి మూత పెట్టు” అని నేర్పి, నాకో సీసా ఇచ్చింది.

సరళ శాంటా క్లారాలో ఆఫీసుకి వెళ్లిన ఒక మధ్యాహ్నం నేనే వండాను. అన్నీ ఆవిడ చెప్పినట్టే చేశాను. కానీ చివర్లో చెయ్యి ఊరుకోలేదు. పోపు లేకుండా దించడమా? నూనె కాగబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి, అవి చిటపటలాడుతుండగా రెండు గరిటెల ముద్ద అందులో పడేశాను. పొగ. స్మోక్ అలారం కేకలు. గాభరాగా తలుపు తీశాను. ఆ కంపు వరండా అంతా పాకి, మెట్లు దిగి, లాండ్రీ గదిలో జనం బట్టల్లోకి దూరింది.

సాయంత్రం సరళ ముక్కు మూసుకుని లోపలికొచ్చింది. “ఏంటండీ ఈ కంపు?”

“పక్కింటావిడ” అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగానా? శనివారం పాట్‌లక్‌లో మా పై అంతస్తు రమేశ్ అడిగాడు. “అన్నా, మొన్న ఆ కంపేందే? బట్టలన్నీ మళ్ల ఉతుక్కున్నం!”

“నీకు తెలీదా తమ్ముడూ? లీటా బాత్‌టబ్‌లో చేపలు ఊరేస్తోంది.”

“మరి స్నానం?”

“వారానికోసారి అవే లేచి చోటిస్తాయట.”

అందరూ పడిపడి నవ్వారు. ఆ నవ్వు నాకెంత తియ్యగా ఉందో! నవ్వినవాళ్లు నవ్వనివాళ్లకి చెప్పారు. లీజింగ్ ఆఫీసుకి కంప్లైంట్లు వెళ్లాయి. ఆఫీసువాళ్లు వచ్చి చూస్తే, టబ్‌లో ఆవిడ నానబెట్టుకున్న తెల్ల యూనిఫాం తప్ప ఏమీ లేదట. అయినా లీజ్ రెన్యూ చేయలేదు.

ఇల్లు ఖాళీ చేసి వెళ్లే ముందు లీటా మా గుమ్మంలోకి వచ్చింది.

“నా టబ్‌లో చేపలున్నాయని ఎవరో చెప్పారట. నీకు చాలా కథలు తెలుసుగా. ఈ కథ ఎవరిది?”

“ఏమో లీటా. నేనూ విన్నానంతే.”

“ఆ రోజు వెల్లుల్లి మాడింది. నేనెప్పుడూ మాడ్చను” అంది. వెళ్లిపోయింది.

అంటే తెలుసు. తెలిసీ ఆఫీసులో నా పేరెందుకు చెప్పలేదు? చెబితే సరళకి నా దొంగతిండి బయటపడుతుందనా? నా గుట్టు దాచడానికి ఆ మనిషి ఇల్లు వదులుకుందా, లేక చెప్పినా ఆమె మాట ఎవరూ వినరని అప్పటికే తెలుసుకుందా? రెండింటిలో ఏది నిజమైనా నాకు నిద్ర పట్టదు. కారులో గంటకు పైగా పట్టే వలేహోలో, కూతురి దగ్గరికి వెళ్లిందని విన్నాను. అంత దూరం నుంచి వృద్ధాశ్రమానికి ఎలా నడిచి ఉంటుంది?

మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో అడిగారు, “అంకుల్, ఆ ఫిష్ స్టోరీ చెప్పండి!” సరళ అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. నా నోరు తెరుచుకుంది. ముక్కులోకి మాడిన వెల్లుల్లి వాసన వచ్చింది. చెప్పాను. ఈసారి చేపలకి పేర్లు కూడా పెట్టాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. టబ్‌లో చేపలు లేవు. ఆ పోపు నాది.