ట్రెయిలర్ మావయ్యకి ఓ చెయ్యి

మా మావయ్యకి రాని పని లేదు. కానీ ఏ పనీ ఒక్కడే చెయ్యడు. గోడకి మేకు కొట్టాలన్నా పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి మేకులు అందించాలి, లేదా స్టూలు కదలకుండా పట్టుకోవాలి, అదీ ఇదీ కాకపోతే కాస్త దూరంగా నిలబడి "వంకరగా ఉంది" అనాలి. పడవల్ని లాక్కెళ్ళే ట్రెయిలర్లు బాగుచెయ్యడం ఆయన వృత్తి కాబట్టి అందరూ ట్రెయిలర్ మావయ్య అంటారు. ఆయన గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వీధిలోవాళ్ళు తల వంచుకుని, అడుగుల చప్పుడు వినపడకుండా నడుస్తారు. ఆయన కంట్లో పడ్డారో, "కాస్త ఓ చెయ్యి వెయ్యి" అంటాడు. వేసిన చెయ్యి ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు.

కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్‌కి ఈ సంగతి తెలీదు పాపం. ఉత్తరం ఇద్దామని గేటు తీశాడు.

"సమయానికి వచ్చావు నాయనా! ఈ చక్రం దొర్లిపోకుండా కాస్త ఓ చెయ్యి వెయ్యి."

ఆ రోజు మా వీధికి ఉత్తరాలు సాయంత్రం అయిదింటికి వచ్చాయి. అన్నిటి మీదా గ్రీజు వేలిముద్రలే.

పక్కింటి రిటైర్డు లెక్కల మాస్టారైతే పోట్లాడ్డానికే వచ్చారు. "పొద్దున్నే ఈ సుత్తి చప్పుడు ఆపుతారా, కంప్లయింటు ఇమ్మంటారా?" అని గేటు దగ్గర్నుంచే కేకలేశారు. గంట తర్వాత నేను అటుగా వెళ్ళి చూస్తే మాస్టారు ట్రెయిలర్ కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పట్టుకుని, "పన్నెండు కాదండీ, పదమూడో నంబరు స్పానర్ తియ్యండి" అంటున్నారు.

"ఊళ్ళోవాళ్ళందరూ ఎందుకు, ఇంట్లో నువ్వున్నావుగా అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"పెళ్ళిలో ఆయన చేతిలో చెయ్యి వేశాను. ఈ జన్మకి ఆ ఒక్కసారి చాలు" అంది అత్తయ్య.

నేను కూడా చాలాకాలం తప్పించుకు తిరిగాను. కానీ ఓసారి వీల్లేకపోయింది, ఎందుకంటే ఆ ట్రెయిలర్ మాదే. మాదంటే నాదీ, మా అన్నయ్యదీ. ఇద్దరం కలిసి ఒక చిన్న పడవ కొనుక్కున్నాం. సెలవు రోజుల్లో దాన్ని ట్రెయిలర్ మీద పెట్టి, జీపుకి తగిలించి, సముద్రానికి తీసుకెళ్ళేవాళ్ళం. ఒకరోజు రేవుకి దిగే వాలులో అన్నయ్య బ్రేకు తొక్కాడు. జీపు ఆగింది గానీ వెనక ట్రెయిలర్ ఆగలేదు. దాని బ్రేకు పైపు తుప్పు పట్టి, చిల్లు పడి, ఆయిలంతా ఎప్పుడో కారిపోయిందట. పడవ బరువంతా వెనకనుంచి తోసేసరికి జీపు వెళ్ళి టికెట్ల గది కిటికీలో మూతి పెట్టింది. లోపలున్న గుమాస్తా అలవాటు కొద్దీ "ఇద్దరికేనా?" అని అడిగాడు.

ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ మాటలు బాగానే తగిలాయి.

"ఉప్పునీళ్ళలోంచి తీశాక మంచినీళ్ళతో కడగమన్నానా లేదా?" అన్నాడు అన్నయ్య.

"బయల్దేరేముందు ఆయిల్ చూడమన్నానా లేదా?" అన్నాను నేను.

అంతే, ఎనిమిది నెలలు మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో అమ్మే. పడవ అమ్మేద్దామన్న నిర్ణయం కూడా అమ్మ నోటిమీదుగానే అటూ ఇటూ తిరిగి ఖాయమైంది. కొనే ఆయన ఆదివారం నాలుగింటికి వస్తానన్నాడు. పడవ పోతే మేమిద్దరం ఒకచోట నిలబడ్డానికి ఇంకే సాకూ మిగలదని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. మొండితనం మా ఇంటి ఆస్తి, అన్నాచెల్లెళ్ళిద్దరికీ సమానంగానే వచ్చింది.

"బ్రేకుల్లేని బండి అంటగడితే పాపం తగుల్తుంది" అని మావయ్య ముందే పడవతో సహా ట్రెయిలర్‌ని తన షెడ్డుకి లాక్కెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే ఫోను.

"కోడలా, కొత్త పైపులన్నీ వేసేశాను. ఇక వాటిల్లో చిక్కుకున్న గాలి తియ్యడమే. వచ్చి కాస్త ఓ చెయ్యి వెయ్యి. అయిదే నిమిషాలు!"

వెళ్ళాను. ట్రెయిలర్ ముందు, చేతిలో ఇనప కడ్డీతో, అన్నయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి వాడు లేచాడు. వాణ్ణి చూసి నేను వెనక్కి తిరిగాను. అప్పటికే మావయ్య గేటుకి గొళ్ళెం పెట్టేశాడు.

"ఇద్దరూ కావాలి. ఇది ఇద్దరి పని" అన్నాడు.

పైపులు మాత్రం ఎంత ముచ్చటగా వేశాడో చెప్పాలి. ముందున్న ఆయిల్ గిన్నె దగ్గర్నుంచి ఇరుసు దాకా నిగనిగలాడే సన్నటి పైపు, జానకో క్లిప్పు. ఇరుసు దగ్గర కుదుపులు తట్టుకోవడానికి ఒక రబ్బరు గొట్టం. అక్కణ్ణుంచి రెండు పాయలై రెండు చక్రాలకీ. ఎక్కడా ఒక్క సొట్ట లేదు.

"అల్లుడూ, నువ్వు కడ్డీతో ముందున్న బ్రేకు నొక్కి పట్టుకుని 'నొక్కాను' అను. కోడలా, నువ్వు చక్రం దగ్గరున్న ఈ చిన్న నట్టు విప్పు. ఆయిలూ బుడగలూ ఈ గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. వెంటనే బిగించి 'బిగించాను' అను. అది వినేదాకా వాడు వదలకూడదు. ముందే వదిలాడా, బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది."

"నొక్కానని ఆవిడకి చెప్పు మావయ్యా" అన్నాడు అన్నయ్య.

"విప్పి బిగించానని ఆయనగారికి చెప్పు మావయ్యా" అన్నాను నేను.

"నాకు ఈ చెవి ఇవాళ సరిగ్గా పనిచెయ్యట్లేదర్రా" అన్నాడు మావయ్య.

"మరి ఆ చెవి?"

"దానికి ఆదివారం సెలవు."

చేసేది లేక నోరు మూసుకుని బిగించడం మొదలుపెట్టాను. అన్నయ్య అంచనా కొద్దీ వదిలాడు. అంచనా తప్పింది. గొట్టం గుటగుటమంటూ గాలి మింగింది.

"శుభం! మళ్ళీ మొదట్నించి" అన్నాడు మావయ్య.

అలా నాలుగుసార్లు తప్పింది. నాలుగుసార్లూ ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. అయిదోసారి అన్నయ్యకి ఓపిక చచ్చింది.

"బిగించానని నోటితో చెప్పి ఏడవ్వే!"

"చెప్తే వినే అలవాటు నీకెప్పుడొచ్చింది?"

"నువ్వు చెప్పి చూడు, వింటానో లేదో!"

"బిగించాను! విన్నావా? బి-గిం-చా-ను!"

"విన్నాను! వదిలాను!"

సీసాలోకి చూశాను. ఈసారి పైపులోకి ఒక్క బుడగ కూడా వెనక్కి పోలేదు. ఎనిమిది నెలల తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. ఇద్దరికీ కాస్త సిగ్గేసింది. మావయ్య అటు తిరిగి, శుభ్రంగా ఉన్న స్పానర్‌నే గుడ్డతో తుడుస్తున్నాడు.

ఇక పని సాగింది. నొక్కాను, బిగించాను, వదిలాను. ఇరవై సార్లయ్యాక వరసలో ఒక కొత్త మాట వచ్చింది.

"నొక్కాను. ఆ రోజు నేను ఆయిల్ చూడలేదు."

నట్టు మీద నా చెయ్యి ఆగిపోయింది. "ఏంటీ?"

"చూళ్ళేదే. గిన్నె మూత తియ్యడానికి బద్ధకమేసింది. ముందు విప్పు, చేతులు పీకేస్తున్నాయి."

విప్పాను, బుడగలొచ్చాయి, బిగించాను. "బిగించాను. నేనూ రెండుసార్లు కడగలేదు."

"రెండుసార్లేనా?"

"నాలుగు."

"వదిలాను" అన్నాడు అన్నయ్య. వాడి గొంతులో నవ్వు వినబడింది. నాకూ ఆగలేదు. చక్రం పక్కన కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

రెండు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక్కి వెళ్ళాను. అక్కడ అలమరలో ఒక పాత సీసా కనిపించింది. దానికో గొట్టం, గొట్టం మధ్యలో ఆయిల్‌ని బయటికే తప్ప వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు. బాగా వాడి వాడి అరిగిపోయి ఉంది. పొద్దుట్నించీ చేసిన పని కాబట్టి నాకు చూడగానే అర్థమైంది. ఇదుంటే రెండో మనిషి అక్కర్లేదు.

అత్తయ్య కాఫీ తెచ్చింది.

"ఇరవయ్యేళ్ళుగా దాంతోనే ఒక్కరే తీస్తారు. పావుగంట పని."

"మరి మమ్మల్ని ఎందుకు..."

"మీ బండికి నిన్న సాయంత్రమే తీసేశారే. తీసి, మళ్ళీ కూర్చుని గాలి ఎక్కించారు. చూస్తుంటే నాకు మతిపోయింది."

"పోస్ట్‌మాన్?"

"ఊరికి కొత్త, పలకరించే దిక్కు లేదని ఎవరో అన్నారు."

"మాస్టారు?"

"భార్య పోయాక ఆయన తలుపు తియ్యడం మానేశారు. పోట్లాటకైనా బయటికి రాకపోతారా అని ఈయన వారం రోజులు పొద్దున్నే ఖాళీ డబ్బా మీద సుత్తితో కొట్టారు."

నాకు మా మావయ్య మీద పట్టలేనంత ప్రేమ ముంచుకొచ్చింది.

"ఆయన దగ్గర అనకే. తెలిసిపోయిందంటే సిగ్గుతో రెండురోజులు అన్నం తినరు" అంది అత్తయ్య.

బయటికి రాగానే మావయ్య అందుకున్నాడు. "పావుగంట పనికి పూటంతా తినేశారు! ఇంకెప్పుడైనా మీ ఇద్దర్నీ పిలిస్తే నన్నడుగు!"

"మాకేం వచ్చు మావయ్యా? నువ్వు కాబట్టి ఓపిక పట్టావు" అన్నాను. ఆయన నన్నొకసారి అనుమానంగా చూసి, ఇంకో నట్టు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగింటికి కొనే ఆయన వచ్చాడు. ట్రెయిలర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "బ్రేకులన్నీ కొత్తవే! నాకు నచ్చింది, తీసుకెళ్తాను" అన్నాడు.

అన్నయ్య నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను.

"ఇది అమ్మడం లేదండీ" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"అదేంటండీ! పొద్దున ఫోన్లో మీ అమ్మగారు అమ్ముతున్నామన్నారే?"

"అమ్మకి ఇంకా చెప్పలేదండీ" అన్నాడు అన్నయ్య.

పెద్దమనిషి అంత దూరం నుంచి వచ్చాడు, ఉత్తచేతులతో పంపితే ఏం బాగుంటుందని ఆయన్ని కూడా జీపెక్కించుకుని సముద్రానికి బయల్దేరాం. జీపు ఆ వాలు ఎప్పుడు దిగిందో, ట్రెయిలర్ ఎప్పుడు బుద్ధిగా ఆగిందో నేను గమనించనే లేదు. చెప్పుకోవాల్సిన ఎనిమిది నెలల కబుర్లలో మేమింకా రెండో నెలలోనే ఉన్నాం.

వెనక సీట్లోంచి ఆయన మెల్లిగా దగ్గాడు. "ఏవండీ, రేవు వచ్చి పది నిమిషాలైంది. పోనీ మీరు మాట్లాడుకుంటూ ఉండండి, నేను దిగి నీళ్ళు చూసొస్తాను."