వెల్లుల్లి రుద్దిన గొర్రెపిల్ల

నా చిన్నప్పుడు మా నాయన మళ్లీ మనిషైంది తాయెత్తు వల్లేనని మా చుట్టాలు ఇప్పటికీ ప్రతి పెళ్లిలో చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. తాయెత్తు కట్టిన మాట నిజమే. కట్టిన మూడోనాడు అది స్నానంలో ఊడి మోరీలో కొట్టుకుపోయింది. నాయనను నిలబెట్టింది మా అవ్వ, ఒక గొర్రెపిల్ల, ఇంత వెల్లుల్లి. అప్పుడు అక్కడున్నది నేను, వాళ్లు కాదు.

మాది పెద్దేముల్ దగ్గర ఊరు. తరతరాలుగా గొర్రెలు కాసిన ఇల్లు. నాయన ఒక్కడే ఎదురు తిరిగాడు. తన తల్లి, అంటే మా అవ్వ, వద్దంటున్నా మందలో సగం అమ్మి కంది చేను చేశాడు. ఆ ఏడు కంది నా తల దాటి పెరిగి, విరగబూసింది. అంతలో మంచు కమ్మింది. మూడు పొద్దుల్లో పూతంతా రాలి నేల పసుపుపచ్చగా అయింది.

అప్పటినుంచి నాయన చేని గట్టు మీద కూర్చుండిపోయేవాడు. తినడు, మాట్లాడడు. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లూ "ధైర్యంగుండు" అని చెప్పి, చాయ్ తాగి పోయేవాళ్లు. వాళ్లు చెప్పినకొద్దీ నాయన తల ఇంకా కిందికి దిగేది. అవ్వ మాత్రం ఆ మాట ఎత్తలేదు. చేనుకు కొట్టే పురుగుమందు డబ్బాను గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఇంట్లోంచి ఎక్కడికో దాటించింది. ఎందుకో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఆ వారమే ఒక గొర్రెకు పిల్ల చచ్చి పుట్టింది. ఇంకో పిల్లకు తల్లి చచ్చిపోయింది. అలాంటి తల్లికి అలాంటి పిల్లను అలవాటు చేయడం మా ఇళ్లలో మామూలే. కాకపోతే వాసన చూసి తన పిల్ల కాదని తెలిస్తే గొర్రె తన్నుతుంది. ఒకరు దాన్ని గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు పాలు తాపాలి. నాలుగైదు రోజులు దాని పాలు తాగాక పిల్లకు దాని వాసనే వస్తుంది. అప్పుడు అదే దగ్గరికి తీసుకుంటుంది.

అవ్వ ఆ పిల్లను నా చేతుల్లో పెట్టింది.

"చేనుకాడికి పో బిడ్డా. మీ నాయన ఒడిల బెట్టి రా. నోరు మాత్రం తెరువకు. గదే నీకు కష్టం."

పెట్టాను. అది నాయన చొక్కా గుండీని పట్టుకుని చప్పరించింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు. వెనక నేను, నోరు మూసుకుని.

"నా చేతులల్ల బలం లేదు కొడుకా, జర గొర్రెను పట్టు" అంది అవ్వ. పొద్దున్నే ఒక మోపు కట్టెలు కొట్టిన మనిషి!

అలా రోజుకు మూడుసార్లు. నాయన గొర్రె మెడను మోకాళ్ల మధ్య ఇరికించుకునేవాడు, అవ్వ పిల్లను పొదుగుకు అందించేది. పాలు తాగాక అది నాయన ఒడిలోనే పడుకునేది. మూడోనాడు గొర్రె తన్నిన తన్నుకు నాయన వెల్లకిలా పడ్డాడు.

"ఏందే, గింత పొగరా నీకు!"

అన్ని రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, గొర్రెకు తిట్టు. వంటింట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంకో రెండు రోజులకు, గొర్రెను పట్టుకునే, ఎటో చూస్తూ అన్నాడు.

"పూత మొత్తం రాలిందే అవ్వా."

"రాలింది కొడుకా. నేను గూడ జూసిన."

"నువ్వు వద్దనే అన్నవ్."

"అన్న. గా పూత జూసినంక నాకూ ఆశ వుట్టింది."

నాయన ఏడ్చాడు. అవ్వ ఆపలేదు. పిల్ల పాలు తాగుతూనే ఉంది.

వారం దాటింది. గొర్రె ఇంకా తన్నుతూనే ఉంది. అటు వంటింట్లో వెల్లుల్లి మాయమవుతోంది. అమ్మ నన్నే పట్టుకుంది. "రొట్టెల నంజుకుంటున్నవా పొల్లా? ఏదీ, నోరు వాసన జూపియ్!" చేయని దొంగతనం నా మీద పడితే ఊరుకునే రకాన్ని కాదు. కాపు కాశాను. తెల్లారగానే అవ్వ కొట్టంలో కూర్చుని, వెల్లుల్లి నలిపి పిల్ల వీపుకూ తోక మొదటికీ రుద్దుతోంది.

"గొర్రెకు వాసన దొరకకుండ నువ్వే చేస్తున్నవా!"

"మెల్లగనవే! గొర్రె ఒప్పుకుంటే మీ నాయనకు ఇంటికొచ్చే పనేముంటది? ఇంకో నాలుగు పొద్దులు గడవనీ. ఎవరికన్న జెప్పినవో, తోలు తీస్త."

చెప్పలేదు. ఒక పొద్దున చూసేసరికి గొర్రె ఆ పిల్లను నాకుతోంది. ఆ రోజు నాయన అడిగి రొట్టె పెట్టించుకుని, కొడవలి పట్టుకుని, చేనులో మిగిలింది కోయడానికి పోయాడు. పూర్తిగా బాగుపడ్డాడని అబద్ధం చెప్పను. ఆ తర్వాత కొన్ని చలికాలాలు ఆయనకు బరువుగానే గడిచాయి. కానీ గట్టు మీద ఒంటరిగా కూర్చోనివ్వలేదు మేం.

పోయినేడు మా తమ్ముడి కందికీ అదే గతి పట్టింది. నేను ధైర్యం చెప్పలేదు. మోకాళ్లు పనిచేయడం లేదని గోల పెట్టి, బండి మీద నన్ను వికారాబాద్ తీసుకుపొమ్మన్నాను. మనసుకు మందిచ్చే డాక్టరు గది ముందు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.

"అక్కా, ఈయన మోకాళ్ల డాక్టరేనా?" అన్నాడు.

"లైన్ల కూసో" అన్నాను. వాడు లేచిపోలేదు. నా మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఇప్పుడు అవ్వ లేదు, నాయనా లేడు. కనిపించిన వాళ్లనల్లా ప్రశ్నలతో చంపే నేను, ఆయనను అడగాల్సిన ఒక్కటీ అడగలేదు. జబ్బుపడ్డ గొర్రెను మంద బయటి నుంచే పసిగట్టే మనిషి. ఆ పిల్లను అన్ని రోజులు ఒడిలో పడుకోబెట్టుకున్నాడు. వెల్లుల్లి వాసన ఆయన చేతులకే అంటి ఉండాలి.

తెలిసే వచ్చేవాడివా, నాయనా?