నీడగుట్టకు అవతలి వైపు

ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైన మరుసటి ఏడాది, నా పదవీ విరమణకు నాలుగు నెలల ముందు, నన్ను మంచిర్యాల నుంచి ఒక కొత్త జిల్లాకు డిప్యుటేషన్ మీద పంపారు. సర్వేయరుగా అదే నా చివరి పని. జిల్లా పటంలోని గుట్టల పేర్లు, ఎత్తులు సరిచూడాలి. జాబితాలో ఒక్కో గుట్టకు ఒక గడి, గడిలో ఒకే పేరు. గుట్ట కింద ఉండేవాళ్లను అడిగి రాయాలని నియమం. ఏ వైపు కింద అన్నది నియమంలో లేదు.

జాబితాలో మూడోది నీడగుట్ట. చుట్టుపక్కల అంత ఎత్తయిన శిఖరం మరొకటి లేదు. మధ్యాహ్నం దాటగానే దాని నీడ తూర్పు ఊరి మీద పడుతుంది. మే నెల ఎండ తెలిసినవాళ్లకు ఆ పేరెందుకు వచ్చిందో చెప్పక్కర్లేదు. వానమబ్బులు పడమటి నుంచి వచ్చి, శిఖరానికి తగిలి అటే కురుస్తాయి. తూర్పు ఊరికి తుంపర మిగులుతుంది.

ఈసారి తూర్పు దారిలో కల్వర్టు పని నడుస్తున్నందున జీపు పడమటి వైపు నుంచి వెళ్లింది. అక్కడ ఇరవై ఇళ్ల గూడెం ఉంది. సోంబాయి అనే పెద్దావిడ మా ముందు ఒక పాలిథిన్ కవరు విప్పింది. రోడ్డు కోసం పెట్టిన దరఖాస్తులు, అన్నీ తిరిగొచ్చినవే. ‘పొద్దుగుట్ట గూడెం పేరుతో రికార్డుల్లో ఏ ఆవాసమూ లేదు’ అని అన్నిటి మీదా ఒకటే వాక్యం.

“గిది నీడగుట్ట గదా అవ్వా” అన్నాను.

“నీడ గాళ్లకు సారూ. మాకు పొద్దు గా గుట్ట మీదికెల్లే ఎక్కుతది. మొన్న వానకాలం వాగచ్చినప్పుడు మా కోడలికి నొప్పులస్తె మంచం మీద మోసుకపోయినం. ఆమె దక్కింది, బిడ్డ దక్కలే. రోడ్డడిగితె ఊరే లేదంటుండ్రు. గట్ల రాసిన సారెవలు?”

నేను పటం చూస్తున్నట్టు నటించాను. కొలత గొలుసు పట్టే రాజమల్లు మొదటి నుంచీ నా వెంట ఉన్నవాడు. నా చెవిలో అన్నాడు: “గప్పుడు మనం గీ దిక్కుకు రానే రాలే సారూ. బడి వరండల్నే ఉంటిమి.”

నిజమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ గడి నింపింది నేనే. తూర్పు ఊరి బడి వరండా పొడిగా ఉండేది, పంతులు గారింటి నుంచి వేళకు చాయ్ వచ్చేది. పడమట జోరువాన. మూడు రోజులు చూసి, కూర్చున్నచోటే రాసేశాను. ఈ గూడేనికి తూర్పువాళ్లు చెప్పిన ‘గుట్టెనక ఇండ్లు’ అనే పేరే ఎక్కించాను. నాకు సిగ్గేసింది. ఆ బిడ్డను తలచుకుంటే ఇప్పటికీ వేస్తుంది.

రాసింది నేనేనని సోంబాయికి చెప్పాను. ఆమె దరఖాస్తులన్నీ మళ్లీ కవర్లో పెట్టి ముడేసింది. తర్వాత, “గిప్పుడన్న రాయి మరి” అన్నది.

గడిలో పొద్దుగుట్ట అని రాసి, నీడగుట్టను రిమార్కుల్లోకి మార్చాను. గూడెం పేరు సరిచేశాను. పై కార్యాలయం ఫైలు వాపసు పంపింది: పాత నమోదు తప్పయితే బాధ్యుడైన ఉద్యోగి పేరు తెలపవలెను. తెలిపాను. పదవీ విరమణకు వారం ముందు నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో, ఆనాడు పడమట వాన పడుతోంది, అని రాశాను. అంతకు మించి కారణం లేదు.

గూడెం తన పేరుతో పటంలోకి ఎక్కింది. రోడ్డు వాగు దాకా వచ్చి ఆగిందని రాజమల్లు ఫోన్ చేశాడు. వంతెనకు దరఖాస్తు పెట్టారట, ఈసారి తిరిగి రాలేదట. నేను నేర్చుకున్నది ఒక్కటే. గుట్ట పేరు రాయడానికి వెళ్లినవాడు వాన పడే వైపు విడిది చేయాలి.