తోక మునగాలి, ముక్కు లేవాలి

ఊరు వదిలొచ్చి భేస్తాన్‌లో మరమగ్గాలు నడపబట్టి పద్నాలుగేళ్లయింది. మొన్న చలికాలంలో తాపీ నదిలో ఒకాయన చిన్న కెనూ పడవను తోక మీద నిలబెట్టి గిర్రున తిప్పడం చూశాను. ఊళ్లో బావుల్లో ఈదినవాణ్ణి, నాకెంత పని అనుకున్నాను. ఆయన పల్సానా అవతల, నీళ్లు నిండిన పాత క్వారీలో ఆదివారాలు ఈ విద్య నేర్పుతాడు. వానలు పడ్డాక కొందరిని డాంగ్ కొండల్లోని వడి నీళ్లకు తీసుకుపోతాడు. ఈసారి ఒక్క చోటే మిగిలింది. నిలకడ నీటిలో పడవ ముక్కును ఒక్కసారైనా పైకి లేపినవాడికే అది. నేను వెళ్లిన నాలుగో ఆదివారమే ఆఖరు గడువు.

ఆ రోజు ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. పల్సానా చోకడీ, అంటే నాలుగు రోడ్ల కూడలి, దాకా షేర్ ఆటోలో మనిషికి నలభై, అక్కడి నుంచి క్వారీకి ఇంకో ఆటోలో ఇద్దరికీ కలిపి వంద. తోడు వచ్చింది బామ్మర్ది రాజేశం. వాడు పల్సానాలో రంగుల మిల్లులో పని చేస్తాడు. నేను మునుగుతుంటే చూడటానికే వస్తున్నానని దారిలోనే చెప్పాడు.

ఎనిమిదికల్లా నీళ్లలో ఉన్నాను. ఈ పడవలో మోకాళ్ల మీద కూర్చోవాలి. తెడ్డుకు ఒక వైపే రెక్క. పడవను పక్కకు వంచి, తెడ్డును వెనక నుంచి ముందుకు తోస్తూ ఒళ్లు వెనక్కి వాల్చితే తోక మునిగి ముక్కు లేస్తుంది. చెప్పడానికి ఇంతే. నేను వంచగానే పడవ ఊగేది, నా చెయ్యి ఆగిపోయేది, నేను నీళ్లలో ఉండేవాణ్ణి. పడవను ఒడ్డుకు లాగి, నీళ్లు ఒంపి, మళ్లీ ఎక్కేసరికి పావుగంట. పదకొండు దాకా తొమ్మిదిసార్లు ఇదే. ప్రతిసారీ మాస్టర్ "రుకో మత్!" అని అరిచేవాడు. ఆగకూడదని నాకూ తెలుసు.

గట్టు మీద నుంచి రాజేశం అందుకున్నాడు. "ఏంది బావా, నీళ్లు తాగనీకి వచ్చినవా, పడవ నడుపనీకి వచ్చినవా?"

"మూస్కో. నువ్వెక్కితే తెలుస్తది."

ఎక్కాడు. రెండుసార్లు పడ్డాడు. మూడోసారి పడవ ఎంత వంగినా చెయ్యి ఆపలేదు. ముక్కు వాడి తల కంటే పైకి లేచింది. మాస్టర్ చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు.

"ఎట్ల చేసినవ్‌రా?"

"ఏమున్నది బావా? మా దగ్గర రంగు తొట్టిల బట్ట ఆగిందంటే మచ్చ వడ్తది, సేఠ్ తిడ్తడు. ఏమన్న గానీ నడిపిచ్చుడే. మీరేమో దారం తెగంగనే బంద్ చేస్తరు."

నిజమే. మగ్గం దగ్గర ఏది తేడా వచ్చినా ముందు ఆపాలి, తర్వాతే చూడాలి. నా చెయ్యి ఇక్కడా అదే చేస్తోంది. సంగతి తెలిశాక ఇంకో ఆరుసార్లు ఎక్కాను. నాకు తెలిసింది గానీ చేతికి తెలియలేదు. మూడింటికి మాస్టర్ రాజేశం పేరు రాసుకున్నాడు.

"జీజా కో దే దో, భాయ్," అన్నాడు వాడు, బావకిచ్చెయ్యమని. చేసినవాడిదే చోటు అన్నాడు మాస్టర్.

తిరుగు ప్రయాణంలో చోకడీ దగ్గర దిగాక రాజేశం మెల్లగా అడిగాడు. "బావా, కొండలల్ల చలుంటదా? స్వెట్టర్ కొనాల్నా?"

"నన్నడగకు," అన్నాను. చాయ్ మాత్రం నా డబ్బులతోనే తాగాడు.

పద్నాలుగేళ్లు నా వేళ్లు పోకుండా కాపాడిన అలవాటే ఆ చోటు పోగొట్టింది. దాన్ని తిట్టుకుంటూనే సోమవారం డ్యూటీకి పోయాను. మొదటి గంటలోనే దారం తెగింది. మగ్గం ఆపాను.

నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు ఒక మాట: మొదటి రోజే మీరు ఏ పని చేస్తారో మాస్టర్‌కు చెప్పండి, మీ చేతికి ఏ అలవాటు అడ్డమొస్తుందో ఆయనకు తెలుస్తుంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, నాలుగు ఆదివారాలు పోయాయి.